అల్యూమినియం వెల్డింగ్‌లో నల్లమసి, పిన్‌హోల్స్: తప్పు గ్యాస్‌దేనా?

అల్యూమినియం బీడ్ (వెల్డ్ గీత) చెడిందంటే, అంటే నల్లమసి పట్టినా, పిన్‌హోల్స్ (సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు) పడినా, షాపులో మొదట వినిపించే మాట "ఈసారి గ్యాస్ బాగా రాలేదు" అని. గ్యాస్ అంటే కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడే ఆర్గాన్. సప్లయర్‌కి ఫోన్ వెళ్తుంది, సిలిండర్ మారుతుంది, బీడ్ మాత్రం మారదు. సిలిండర్ నుంచి గ్యాస్ శుభ్రంగానే బయల్దేరి, టార్చ్ (చేత్తో పట్టుకునే వెల్డింగ్ గన్) చేరేలోపు పాడవడమే ఎక్కువగా చూస్తాం. అందుకే ముందు ఈ చిన్న పరీక్ష చేయండి.

ఒక స్క్రాప్ ముక్కను ఎసిటోన్‌తో తుడిచి, స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్దండి. టిగ్‌లో (టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ కొట్టే పద్ధతి) ఏసీ కరెంటు పెట్టి, ఫిల్లర్ రాడ్ (కరిగించి కలిపే కడ్డీ) లేకుండా ఒకేచోట ఆర్క్ కొట్టి కొద్దిసేపు కరగనివ్వండి. ఆర్క్ ఆపాక టార్చ్‌ను వెంటనే ఎత్తొద్దు, గ్యాస్ ఆగేదాకా అక్కడే ఉంచండి. చుక్క అద్దంలా మెరుస్తూ, చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తే గ్యాస్ బాగుంది. తప్పు ప్లేటులోనో, రాడ్‌లోనో, చేతిలోనో వెతకాలి. చుక్క మసకబారినా, నల్ల నలుసులు తేలినా సిలిండర్ నుంచి నాజిల్ దాకా ఎక్కడో గాలి కలుస్తోంది. లేదా గ్యాసే వేరేది.

ఆర్క్ కొట్టగానే అంతా నలుపు, టంగ్‌స్టన్ మొన కాలిపోతోంది

ఇది దాదాపుగా తప్పు సిలిండర్ కేసు. ఇనుము మిగ్ వెల్డింగ్ (వైరే కరిగి బీడ్ అయ్యే పద్ధతి) కూడా జరిగే షాపుల్లో ఆర్గాన్ పక్కనే, ఆర్గాన్‌లో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) కలిపిన మిక్స్ సిలిండర్ ఉంటుంది. హడావిడిలో అదే బిగించేస్తారు. "80 శాతం ఆర్గానే కదా, నడుస్తుందిలే" అనే మాట నమ్మకండి. ఆర్క్ వేడికి సీఓటూ విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. అల్యూమినియం దాన్ని వెంటనే పట్టేసుకుంటుంది, టంగ్‌స్టన్ కూడా ఆగదు. ఇనుముకి మేలు చేసే ఆ కాస్త ఆక్సిజన్ ఇక్కడ విషం. అల్యూమినియానికి స్వచ్ఛమైన ఆర్గాన్, హీలియం, లేదా ఆ రెండింటి మిశ్రమం, అంతే. లేబుల్ చదివి 99.99 శాతమో, అంతకన్నా మంచిదో తీసుకోండి. సిలిండర్ మార్చాక హోస్‌లోని పాత గ్యాస్ పోయేదాకా వదిలి, టంగ్‌స్టన్ మళ్లీ సాన పట్టండి.

బీడ్ పైకి బాగుంది, గ్రైండ్ చేస్తే పిన్‌హోల్స్

అసలు తలనొప్పి ఇదే. దీని వెనక ఉన్నది హైడ్రోజన్. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ని బాగా పీల్చుకుంటుంది. గట్టిపడేటప్పుడు అందులో సుమారు ఇరవయ్యో వంతే పట్టుకోగలదు. మిగతాది బయటికి రాబోయి, దారి దొరక్క బుడగలుగా ఇరుక్కుపోతుంది. తేమ, నూనె, గ్రీజు, చేతి చెమట, అన్నీ ఈ హైడ్రోజన్ తెచ్చేవే.

వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో, చల్లటి గదిలోంచి తెచ్చిన ప్లేటుకి క్షణాల్లో చెమ్మ పడుతుంది. షాపు వేడికి అలవాటు పడేదాకా ప్లేటును కాసేపు వదిలేయండి. శుభ్రం చేసేటప్పుడు వరస ముఖ్యం: ముందు నూనె తుడవాలి, ఆ తర్వాతే బ్రష్. తిరగేస్తే నూనెను లోహంలోకి రుద్దినట్టే. ఆ బ్రష్‌ను ఇనుము మీద వాడొద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో అస్సలు తుడవకండి, ఆర్క్ వెలుగు తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఇప్పుడు గ్యాస్ దారి. రెగ్యులేటర్ నట్, హోస్ క్లిప్పులు, టార్చ్ జాయింట్లు సబ్బు నురగతో చూడండి. టార్చ్ వెనక క్యాప్‌లో ఉండే ఓ-రింగ్‌ను చాలామంది చూడనే చూడరు. అది పగిలితే గాలి అక్కడినుంచే దూరుతుంది. పాత రబ్బరు హోస్ గోడలోంచే తేమ లోపలికి ఇంకుతుంది. సోమవారం మొదటి బీడ్‌లోనే పిన్‌హోల్స్ వచ్చి తర్వాత తగ్గిపోతున్నాయంటే అనుమానం హోస్ మీదే. పని మొదలుపెట్టే ముందు కాసేపు గ్యాస్ వదిలి చూడండి.

ఇక ఫ్యాన్. ఎండాకాలంలో టేబుల్ ఫ్యాన్ లేకుండా పని చేయమనడం అన్యాయమే, కానీ ఆ గాలి నాజిల్‌కి తగలకూడదు. ఫ్యాన్ వైపు చూడకుండా గ్యాస్ ఫ్లో పెంచేసేవాళ్లే ఎక్కువ. టిగ్‌కి నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు, మిగ్‌కి 15 నుంచి 20 మామూలుగా సరిపోతాయి. అంతకు మించి పెంచితే గ్యాస్ సుడులు తిరిగి చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాగుతుంది. డబ్బు ఖర్చు, పైగా పిన్‌హోల్స్.

మిగ్‌లో బీడ్ పక్కన నల్లమసి

గుడ్డతో తుడిస్తే పోయే పలచటి మసి అయితే టెన్షన్ అక్కర్లేదు. 5356 రకం అల్యూమినియం వైరులో మెగ్నీషియం ఉంటుంది, అది ఆవిరై పక్కన పేరుకుంటుంది. 4043 రకం వైరుతో ఈ మసి తక్కువ. మసి దట్టంగా ఉంటే టార్చ్‌ను వెనక్కి లాగుతున్నారేమో చూడండి. అల్యూమినియం మిగ్‌లో టార్చ్‌ను ముందుకు తోయాలి.

మందం ప్లేటు, ఎంత కరెంటు పెట్టినా లోపలికి దిగడం లేదు

గ్యాస్ మార్చాల్సిన అసలు సందర్భం ఇది. అల్యూమినియం వేడిని ఎక్కడికక్కడ లాగేస్తుంది. 12 మిల్లీమీటర్లు దాటాక ఆర్గాన్ ఒక్కటే కష్టపడుతుంది. హీలియం కలిపితే ఆర్క్ వోల్టేజ్ పెరిగి వేడి ఎక్కువగా దిగుతుంది. కానీ హీలియం ఖరీదు చూశాక ముందు ప్లేటును కాస్త వేడి చేసి ప్రయత్నించమనే నేను చెప్తాను, 120 డిగ్రీలు దాటకుండా. అప్పటికీ కుదరకపోతే 25 శాతం హీలియంతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 50కి వెళ్లండి. పూర్తి హీలియంతో ఏసీ టిగ్‌లో ఆర్క్ అంటుకోవడమే కష్టం, అల్యూమినియం మీది ఆక్సైడ్ పొర కూడా సరిగా ఊడదు.

హీలియం తేలిక, పైకి లేచిపోతుంది. అందుకని మిశ్రమానికి ఫ్లో కాస్త పెంచాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆర్గాన్ కోసం చేసిన గాజు గొట్టం ఫ్లోమీటర్‌లో సగం హీలియం ఉన్న గ్యాస్ పంపితే, 10 చూపించినప్పుడు నిజంగా వెళ్లేది 13 పైనే. ఖరీదైన గ్యాస్ లెక్క తప్పకూడదనుకుంటే, ఆ మిశ్రమానికి గీతలు గీసిన మీటరే సప్లయర్‌ని అడిగి తీసుకోండి.