ఇంటి రసాయనం – 4వ పాఠం: సున్నపుతేటతో వెనిగర్ పులుపు కొలవడం

గత పాఠంలో అర చెంచా పసుపును 20 మి.లీ. సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి సూచిక, అంటే ఆమ్లంలో ఒక రంగు, క్షారంలో ఇంకో రంగు చూపే ద్రావణం, చేసుకున్నాం. ఈరోజు దానితోనే పని. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో దిష్టికి కలిపే ఎర్రనీళ్లు చూసినవాళ్లకు దీని సంగతి తెలిసిందే: పసుపులో సున్నం పడితే ఎరుపు, అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు. ఇంతవరకు రంగు మారిందా లేదా అనే చూశాం. ఇక ఎంత పోస్తే మారిందో కొలుద్దాం.

తటస్థీకరణంలో ఆమ్లం ఇచ్చే హైడ్రోజన్ అయాను, క్షారం ఇచ్చే హైడ్రాక్సైడ్ అయాను ఒకటికొకటి కలిసి నీరవుతాయి. మిగిలేది లవణం, ఇక్కడ కాల్షియం ఎసిటేట్. ఒక మోల్ (అణువులను, అయాన్లను లెక్కించే కొలత) సున్నం రెండు మోల్‌ల హైడ్రాక్సైడ్ ఇస్తుంది కాబట్టి వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం రెండు మోల్‌లకు సరిపోతుంది.

కొలతకు గాఢత తెలిసిన క్షారం కావాలి. ఇంట్లో సున్నితమైన త్రాసు ఉండదు. అయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే సున్నం నీళ్లలో కరిగేదే కొంచెం: 30 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 1.5 గ్రాములు. ఎక్కువ వేసినా మిగతాది అడుగునే ఉంటుంది. కిరాణాకొట్లో దొరికే తాంబూలం సున్నం రెండు చెంచాలు లీటరు సీసాలో వేసి, మెడ దాకా నీళ్లు నింపి, బాగా కుదిపి, మూత బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు పైన తేరినదే సున్నపుతేట. అందులో హైడ్రాక్సైడ్ లీటరుకు 0.04 మోల్. ఎసిటిక్ ఆమ్లం మోల్ బరువు 60 గ్రాములు, అంటే ఒక మి.లీ. తేట 2.4 మి.గ్రా. ఎసిటిక్ ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. సున్నం వేడి నీళ్లలో ఇంకా తక్కువ కరుగుతుంది, అందుకే వేడి నీళ్లు వద్దు.

నీళ్ల విషయంలో మాత్రం రాజీపడకండి. బోరు నీళ్లలోని బైకార్బనేట్ సున్నాన్ని తినేసి తెల్లటి మడ్డిగా దింపుతుంది, లెక్క చెడుతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. రాతి సున్నం జోలికి వెళ్లకండి. నీళ్లు తగలగానే సలసల కాగి చిమ్ముతుంది. కళ్లద్దాలు పెట్టుకునే పని చేయండి. సున్నం కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో పులుపు పోసి తటస్థం చేద్దామనుకోవడం చాలా ప్రమాదం.

సూది లేని 10 మి.లీ. సిరంజితో ఒకసారి వెనిగర్, తొమ్మిదిసార్లు నీళ్లు ఒక గ్లాసులో కలపండి. ఒక మి.లీ. వెనిగర్‌ను నేరుగా పెద్ద సిరంజితో తీస్తే చిన్న తేడా కూడా ఫలితంలో పెద్దదవుతుంది. పలచన చేయడం అందుకే. సిరంజి కడిగి, ఈ ద్రావణం 10 మి.లీ. తెల్లటి కప్పులోకి తీసి, అయిదు చుక్కల సూచిక వేయండి. వేరే సిరంజితో తేట పోస్తూ కప్పు తిప్పుతూ ఉండండి. చుక్క పడినచోట ఎరుపు మెరిసి మాయమవుతుంది. ఆ మాయమవడం నెమ్మదించిందంటే ఇక చుక్క చుక్కగానే పోయాలి. కప్పంతా నారింజ–ఎరుపై అర నిమిషం నిలిస్తే ఆపండి. ఆ తరువాత రంగు వెలిసినా మళ్లీ పోయకండి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని.

16.5 మి.లీ. పట్టిందనుకోండి. 16.5ను 2.4తో గుణిస్తే దాదాపు 40 మి.గ్రా. కప్పులో ఉన్నది ఒక మి.లీ. వెనిగరే కాబట్టి 4 శాతం, అంటే 100 మి.లీ.లో 4 గ్రాములు. సీసా మీది అంకెతో పోల్చండి. మూడుసార్లు చేసి, అర మి.లీ. లోపు కలిసిన వాటి సగటునే తీసుకోండి.

రంగు మారేచోట పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) తటస్థమైన 7 ఉండదు, సుమారు 8.6 ఉంటుంది. ఎసిటిక్ బలహీన ఆమ్లం, దాని లవణానికి కాస్త క్షారగుణం ఉంటుంది. పసుపు ఆ ప్రాంతంలోనే మారుతుంది కనుక ఇక్కడ బాగా కుదిరింది. మందార కషాయం ఎరుపు నుంచి ఆకుపచ్చకు మెల్లగా జారుతుంది, ఎక్కడ ఆపాలో తెలియదు.

ఫలితం అసలు కంటే ఎక్కువ వస్తే ముందు తేటనే అనుమానించండి. మూత తీసి ఉంచితే పైన తెల్లటి పొర కడుతుంది, తేట బలం తగ్గుతుంది, ఎక్కువ పోయాల్సి వస్తుంది. పొర కింద నుంచి, అడుగు కదలకుండా, ఏ పూటకాపూట తీసుకోండి.

అభ్యాసం: వడకట్టిన నిమ్మరసాన్ని ఇలాగే పలచన చేసి కొలవండి. సిట్రిక్ ఆమ్లం ఒక మోల్‌కు మూడు హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది, మోల్ బరువు 192 గ్రాములు, కాబట్టి 2.4కు బదులు 2.6 వాడాలి. ఆ 2.6 ఎలా వచ్చిందో ముందు కాగితం మీద తేల్చుకుని, ఆ తరువాతే సిరంజి పట్టండి.