ఫర్నేస్ ట్రే ఏ మెటల్‌తో చేయించాలి?

హైదరాబాద్ బాలానగర్‌లో కొత్తగా హీట్ ట్రీట్‌మెంట్ (లోహపు భాగాలను కాల్చి, చల్లార్చి గట్టిపరిచే పని) షాపు పెట్టే కుర్రాళ్లు నన్నడిగేది ఒకటే: "అన్నా, ఈ మెటల్ ఎన్ని డిగ్రీలు ఆగుతది?" నేను ఎదురు అడుగుతా. లోపల ఉండేది గాలా, గ్యాసా, వాక్యూమా? జాబ్‌తో, అంటే కాల్చే వస్తువుతో పాటు దాన్ని మోసే ట్రే కూడా చల్లార్చే ఆయిల్లో మునుగుతుందా?

ఇవి అడగకుండానే నేను మొదటి ట్రే చేయించా. 930 డిగ్రీల కార్బరైజింగ్‌కి (స్టీలు పైపొరకి కార్బన్ ఎక్కించే పనికి) 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటు! కరిగేది 1400 దగ్గర కదా, భయమేంటి అనుకున్నా. నాలుగు నెలల్లో అప్పడంలా వంకర్లు తిరిగింది. సుత్తితో సాపు చేద్దామని ఒక దెబ్బ వేస్తే పెంకులా విరిగింది. కార్బన్ జాబ్‌కే ఎక్కి ఊరుకోదు, ట్రేకీ ఎక్కుతుంది.

ఆ పనికి నికెల్ 35, క్రోమియం 19 శాతం ఉండే 330 రకం కావాలి. నికెల్ పెరిగేకొద్దీ కార్బన్ చొరబడటం తగ్గుతుంది. కొటేషన్ చూస్తే గుండె గుభేలుమంటుంది, నిజమే. గాలి ఫర్నేస్ అయితే 310 రకం స్టెయిన్‌లెస్ చాలు, 1050 డిగ్రీల దాకా స్కేల్ (పొరలుగా రాలే తుప్పు) గోల పెద్దగా ఉండదు. కాకపోతే 650–900 మధ్య గంటల తరబడి నానితే లోపల సిగ్మా ఫేజ్ అనే పెళుసు పదార్థం పుట్టి, చల్లారాక పెళుసెక్కుతుంది.

ఇక వంకర సంగతి. మీటరు 304 కడ్డీ 900 డిగ్రీలు వేడెక్కితే సుమారు 17 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడుకి చోటివ్వకుండా నాలుగు మూలలూ వెల్డింగ్‌తో బిగిస్తే అది ఎటో ఒకవైపు వంగక ఏం చేస్తుంది? పలకలా కాదు, తడకలా కట్టించండి: సన్న కడ్డీలు, వదులు పిన్నులు. దళసరిగా చేస్తే గట్టిదనుకుంటారు గానీ, ఆయిల్లో ముంచగానే పైపొర బిగుసుకుని లోపల వేడి ఉండిపోయి, పగులు పడేది ఆ దళసరి దగ్గరే.

వాక్యూమ్‌లో గ్రాఫైట్ అంత నిలకడైనది లేదు. గాలిలో మాత్రం 500 దగ్గరే కాలిపోతుంది. స్టీలు జాబ్‌ని దానిమీద నేరుగా పెట్టి 1150 దాటించారో, ఆనిన చోట కరుగుతుంది. మధ్యలో అల్యూమినా పలక వేయండి.

గంధకం ఉన్న కటింగ్ ఆయిల్ కడగకుండా జాబ్ ఎక్కించొద్దు. నికెల్, గంధకం కలిస్తే 640 దగ్గరే కరుగుతాయి. జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) తీగతో కట్టొద్దు, అందులోని జింక్ ట్రేని పగలగొడుతుంది.

కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి, 304కీ 310కీ 330కీ అది అంటదు. స్పెక్ట్రో రిపోర్ట్, అంటే ఏ లోహం ఎంత శాతం ఉందో చెప్పే పరీక్ష కాగితం అడగండి. పాత ట్రేకి అయస్కాంతం అంటుకోవడం మొదలైందా, కార్బన్ బాగా ఎక్కినట్టు. ఇక సుత్తి ఎత్తొద్దు.