బండి మొరాయిస్తే ముందు ఏం చూడాలి?

రోజూ ఆఫీసుకో, పొలానికో, పిల్లల్ని బడిలో దించడానికో తిరిగే 100, 125 సీసీ బండ్లకు వచ్చే తిప్పల్లో సగానికి సగం ఇంట్లోనే తేలిపోతాయి. పైసా ఖర్చు లేని కారణాన్ని ముందు చూడాలి, జేబుకు చిల్లు పడేది చివర్న చూడాలి. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా "కార్బరేటర్ పోయినట్టుందన్నా" అనకండి. "పొద్దున పూట నాలుగైదు కిక్కులు కొడితేగానీ స్టార్ట్ కావట్లేదన్నా, ఒకసారి వేడెక్కాక బాగానే ఉంటోంది" అనండి. మొదటి మాట వింటే పెట్రోల్‌నీ గాలినీ కలిపే కార్బరేటర్ విప్పుతాడు. రెండో మాట వింటే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పుతాడు.

పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు

ముందు కిల్ స్విచ్, అంటే హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే స్విచ్ చూడండి. నవ్వకండి, అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో పిల్లలు నొక్కేసి పోతుంటారు. తర్వాత పాత బండయితే పెట్రోల్ కాక్ తెరిచి ఉందా, చోక్ లాగారా అన్నది.

సెల్ఫ్ నొక్కితే టక్కుమని ఊరుకుని, హెడ్‌లైట్ డల్ అయిపోతోందంటే బ్యాటరీలో బలం లేదు. వెంటనే కొత్తది కొనేయకండి. టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుందేమో చూడండి. నెగటివ్ వైరు ముందు విప్పి, వేడినీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, వాజిలీన్ రాసి బిగించండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా తేలిక. రాత్రంతా ఆగి ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. ఇంజన్ ఆన్ చేసి కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే తప్పు చార్జింగ్‌ది. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజుల్లో అదీ పడుకుంటుంది.

సెల్ఫ్ బాగానే తిరుగుతున్నా అంటుకోకపోతే ప్లగ్గు చూడాలి. ఇంజన్ చల్లారాక క్యాప్ ఊడదీసి, ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ముందు బ్రష్‌తో, గాలితో పోగొట్టండి. ఈ పని ఎగ్గొట్టి విప్పితే ఆ ఇసుకంతా సిలిండర్‌లో పడుతుంది. తీశాక కొనను వెలుతురులో చూడండి. లేత గోధుమ రంగుంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. పొడిగా నల్లటి మసి పట్టిందంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. పెట్రోల్‌తో తడిసి ఉంటే నిప్పురవ్వ రావడం లేదు, లేదా చోక్ మరీ ఎక్కువసేపు లాగారు. నూనె జిడ్డుతో నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, అది మెకానిక్ పనే. శుభ్రం చేసి, కొన దగ్గరి గ్యాప్ మాన్యువల్‌లో చెప్పినంత ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులతో) చూసి, తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లన్నీ వేళ్లతోనే తిప్పండి. మొదటి నుంచే పానా పెట్టి బలంగా తిప్పితే మర పోతుంది, హెడ్డు పాడవుతుంది. వేళ్లకు ఆగాక కొత్త ప్లగ్గయితే అర చుట్టు, పాతదైతే కొంచెం బిగువు చాలు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బరేటర్ బదులు ఇంజెక్షనే. తాళం తిప్పగానే ట్యాంకు లోపల్నుంచి రెండు క్షణాలు జుయ్యిమని శబ్దం రావాలి, అది పెట్రోల్ పంపుది. రాకపోతే ఫ్యూజు, బ్యాటరీ చూడండి. అంతకు మించి ఇంట్లో విప్పొద్దు.

న్యూట్రల్‌లో బాగుంటుంది, గేరు వేయగానే ఆగిపోతోంది

సైడ్ స్టాండ్ స్విచ్. కొత్త బండ్లలో స్టాండ్ కిందికి ఉంటే గేరు వేసినప్పుడు ఇంజన్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. స్టాండ్ ఎత్తినా స్విచ్‌లో బురద ఇరుక్కుంటే బండి మాత్రం దించే ఉందనుకుంటుంది. నీళ్లు కొట్టి కడిగి, స్టాండ్‌ను పదిసార్లు ఆడించండి.

వానలో దగ్గి దగ్గి ఆగిపోయింది

ప్లగ్గు క్యాప్‌లో తడి చేరి ఉంటుంది. పొడిగుడ్డతో తుడిచి ఊది పెట్టండి. అయితే నీళ్లలో మునిగి ఆగిపోయిన బండి సంగతి వేరు. సెల్ఫ్ నొక్కకండి, కిక్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. తోసుకుంటూ పోవడమే.

మైలేజీ పడిపోయింది

పడిందో లేదో ముందు లెక్కతో తేల్చండి. ఫుల్ ట్యాంకు కొట్టించి, మళ్లీ ఫుల్ కొట్టించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. మీటరు ముల్లు చూసి చెప్పే మైలేజీ మైలేజీ కాదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌కన్నా దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి, 20 శాతం కలిపిన పెట్రోల్‌తో కొద్దిగా తగ్గడం మామూలే. కానీ 60 ఇచ్చే బండి 45కు దిగిందంటే నేరం పెట్రోల్ మీదికి నెట్టలేం.

టైర్లలో గాలి చూడండి, బండి చల్లగా ఉన్నప్పుడే. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. గట్టిగా తిప్పినా అర చుట్టుకే ఆగిపోతే బ్రేకు పట్టేసి ఉంది. ఇది ఎక్కువగా చైన్ టైట్ చేయించిన తర్వాతే వస్తుంది. చక్రం వెనక్కి జరిగినప్పుడు బ్రేకు రాడ్ కూడా లాగబడి బిగుసుకుంటుంది. చైన్ బిగించి బ్రేకు నట్టు వదులు చేయని మెకానిక్కులు బోలెడు మంది.

చైన్ టకటకమంటోంది

చైన్ కవర్‌కున్న రబ్బరు మూత తీసి, వేలితో చైన్‌ను పైకీ కిందికీ ఆడించండి. చాలా కమ్యూటర్ బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఒక్కచోట చూసి వదిలేయకండి, చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. చైన్ అన్నిచోట్లా ఒకేలా అరగదు. ఎక్కడ బాగా బిగువుగా ఉందో అక్కడే కొలత పెట్టుకోవాలి, లేకపోతే ఆ చోటు వచ్చినప్పుడల్లా బేరింగుల మీద భారం పడుతుంది. వెనక చక్రం యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండువైపుల అడ్జస్టర్లనూ ఒకే గీతకు తెచ్చి, నట్టు మళ్లీ బిగించాలి. ఆపైన బ్రేకు రాడ్, పైన చెప్పినట్టు. ఆయిల్ వేసేటప్పుడు ఇంజన్ ఆపి, చక్రం చేత్తోనే తిప్పండి. స్టార్ట్‌లో ఉండగా గుడ్డ పెట్టి తుడిచి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. చైన్ తిరిగే స్ప్రాకెట్ల పళ్లు ఒకవైపు వంగి మొనదేలాయా, ఇక బిగించి లాభం లేదు. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాల్సిందే.

మార్చాక మొదటిసారి హైవే ఎక్కినప్పుడు తెలుస్తుంది తేడా. థ్రాటిల్ తిప్పీ తిప్పగానే బండి కదులుతుంది, ఆ ఊపూ జర్కూ ఉండవు. నాకైతే కొత్త బండి కొన్నంత సంబరం.

ఘాట్ దిగుతుంటే బ్రేకు పట్టడం లేదు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారి నాకు బాగా ఇష్టం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది కాబట్టి గేటు తెరిచే వేళకు అక్కడుంటే, అమ్రాబాద్ అడవిలో చల్లగాలి మొహానికి కొడుతుంటే నలభైలో పోవాలనిపిస్తుంది. అసలు చిక్కు ఈగలపెంట దాటాక, కృష్ణ దగ్గరికి దిగే మలుపుల్లో. ఇద్దరు, పైగా సామాను, అందరూ బ్రేకు తొక్కిపట్టే దిగుతారు. కాసేపటికి పెడల్ తొక్కినంత తొక్కినా పట్టు రాదు. బ్రేకు చెడిపోలేదు, డ్రమ్ములో రాసుకునే లైనర్లు వేడెక్కి జారుతున్నాయి. మలుపుకు ముందే రెండో గేరుకు రండి, క్లచ్ పట్టుకోకండి, ఇంజనే బండిని ఆపుతూ ఉంటుంది. బ్రేకు విడిచి విడిచి కొట్టండి. వాసన వస్తే పక్కకు ఆపి, డ్రమ్ము మీద చుక్క నీళ్లు కూడా పోయకుండా తనంతట చల్లారనివ్వండి.

ఆ దారిలో పోయేటప్పుడు సీటు కింద 10-12, 14-17 పానాలు, ప్లగ్గు పానా, కటింగ్ ప్లేయర్, మంచి ప్లగ్గు ఒకటి, గాలి గేజ్ పెట్టుకోండి. ట్యూబ్‌లెస్ టైర్లయితే పంచర్ కిట్, చిన్న పంపు కూడా.