పడవ ఇంజను పని – ఆరో పాఠం: గేరు వేస్తే చతికిలబడే ఇంజను

ఈ వారం ట్యాపెట్ల (వాల్వుల సందు సరిచేయడం) గురించి రాయాల్సింది. దాన్ని పక్కన పెట్టాను. ఐదో పాఠం చదివి ఇంజను బిగించి స్టార్ట్ చేసినవాళ్లలో చాలామంది నుంచి ఒకటే మాట వచ్చింది: "ఆయ్, న్యూట్రల్లో గుయ్యిమంటుందండి, గేరేస్తే చతికిలబడిపోతుంది." భైరవపాలెం, అంతర్వేది పల్లిపాలెం, యానాం, అన్ని వైపుల నుంచీ ఇదే. అందులో కొందరు అప్పటికే ఇంజెక్షన్ పంపు సీలు తెంపేసి ఫుల్ లోడు స్క్రూ (ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిల్ పోవాలో ఆపేది) తిప్పేశారు. తిప్పినవాళ్లు ముందు పంపు విప్పి, టెస్టు బెంచి ఉన్న షాపులో పాత కొలతకు తెప్పించుకోండి. అది చేయకుండా ఈ పాఠం మీకు పనికిరాదు, ఎందుకంటే మీ ఇంజనులో ఇప్పుడు రెండు తప్పులున్నాయి. మిగతావాళ్లు పంపు మీద చెయ్యి వేయకుండా చదవండి.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే తేల్చేయాలి. "మొదటి రోజు తక్కువ లోడుతో నడపండి" అని రాశాను. చాలామంది లోడే లేకుండా రేవులో కట్టేసి రెండేసి రోజులు న్యూట్రల్లో తిప్పారు. కొత్త పిస్టన్ రింగులు లైనరుకి (పిస్టన్ ఆడే గొట్టానికి) ఒదగాలంటే రింగు వెనక గ్యాసు ఒత్తిడి ఉండాలి. ఆ ఒత్తిడి లోడు మీదే వస్తుంది. లోడు లేకుండా గంటల తరబడి తిప్పితే లైనరు గోడ అద్దంలా నున్నబడిపోయి రింగులు ఎప్పటికీ కూర్చోవు, నీలం పొగ, ఆయిలు ఖర్చు మొదలవుతాయి. అలా చేసినవాళ్లు ఇప్పుడు ముప్పావు థ్రాటిల్ మీద, వేడి చూసుకుంటూ, కొన్ని గంటలు ఏట్లో గట్టిగా పని చేయించండి. అయినా నీలం పొగ తగ్గకపోతే లైనర్లు మళ్లీ, లోపలి గోడకి గరుకు పెట్టే హోనింగ్‌కి వెళ్లాల్సిందే.

ఇక అసలు విషయం. న్యూట్రల్లో ఇంజను బాగా లేవడం దేనికీ రుజువు కాదు. అక్కడ దానికి కావాల్సింది తన సొంత రాపిడిని దాటేంత డీజిల్, అంతే. సగం మూసుకుపోయిన ఫిల్టరు కూడా ఆ మాత్రం ఇస్తుంది.

ఇంజను ప్లేటు మీద 1800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని ఉందనుకోండి. న్యూట్రల్లో 1950 దాకా పోయింది. గేరులో, ఫుల్ థ్రాటిల్ మీద 1400 దగ్గర ఆగిపోయింది. "ఒక 400 తగ్గింది, పావు వంతు కూడా కాదు" అంటారు మనవాళ్లు. కానీ ఫ్యాను (ప్రొపెల్లర్) నీళ్లలో తిరగడానికి కావాల్సిన బలం చుట్ల లెక్కన కాదు, చుట్ల ఘనం లెక్కన పెరుగుతుంది. 1400ని 1800తో భాగిస్తే 0.78. దాని ఘనం 0.47. అంటే ఫ్యాను సరిగ్గా సరిపోయిన బోటులో ఆ ఇంజను చేయాల్సిన పనిలో సగం కూడా చేయడం లేదు. పావు వంతు లోపం కోసం వెతికేవాడు స్క్రూ తిప్పుతాడు. సగం లోపం కోసం వెతికేవాడు ఎక్కడో పెద్ద అడ్డు ఉందని తెలుసుకుంటాడు.

అందుకే చేతి టాకోమీటరు (చుట్లు కొలిచేది) కొనండి. బోటు వేగం చూసి ఇంజనుని లెక్కగట్టొద్దు. పాటులో దిగువకి వెళ్తూ జీపీఎస్ చూసి "బాగుపడిందండి" అన్నాయనే మర్నాడు పోటుకి ఎదురెళ్లి మళ్లీ ఫోన్ చేశారు. పాయల్లో, లోతు తక్కువ ఉన్నచోట కూడా పరీక్ష పెట్టకండి. అడుగు దగ్గరైతే బోటు ఈడ్చుకుపోతుంది, ఇంజను మీద బరువు పెరుగుతుంది. నడి ఏట్లో, లోతున్నచోట చూడండి.

ఆర్‌పీఎం పూర్తిగా వచ్చి బోటు మాత్రం కదలకపోతే తప్పు ఇంజనులో లేదు. గేరుబాక్సు క్లచ్ జారుతోంది, లేదా ఫ్యాను రెక్క విరిగింది. ఆర్‌పీఎం రాకపోతే పొగ చూడండి.

నల్ల పొగ వస్తే డీజిల్ అందుతోంది, గాలి చాలట్లేదు లేదా మోయలేనంత బరువు పడుతోంది. ముందు ఇంజను గది తలుపు తెరిచి నడపండి. ఆర్‌పీఎం పెరిగితే గాలి రావడం లేదన్నమాట, గది మీద కప్పిన టార్పాలిన్ తీసేయండి. పెరగకపోతే నీళ్లలోకి దిగండి. మన దగ్గర ఇంజన్లు విప్పేది ఎక్కువగా వేట నిషేధంలోనే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ 61 రోజులూ ఇంజను షెడ్డులో కొత్తదవుతుంటే, నీళ్లలోనే కట్టేసిన బోటు అడుగున, ఫ్యాను మీద గుల్లలు పెరుగుతుంటాయి. ఫ్యాను రెక్క చేత్తో తడిమితే గరుకుగా తగిలిందా, గీకేయండి. షాఫ్టుకి వల తాడు చుట్టుకుందేమో చూడండి. వరద నీళ్ల రోజుల్లో గుర్రపుడెక్క వేళ్లు కూడా చుట్టుకుంటాయి. ఇంజను వేడెక్కాక కూడా కళ్లు మండే తెల్ల పొగ ఆగకపోతే అది టైమింగో (డీజిల్ చిమ్మే వేళ) కంప్రెషనో (సిలిండరులో గాలి నొక్కుడు). అది వచ్చే పాఠం.

పొగే లేకుండా కూలబడిందంటే డీజిల్ రావడం లేదు. మీలో ఎక్కువమంది రాసింది ఇదే. ముందు థ్రాటిల్ కేబుల్ ఊడదీసి, పంపు లివరుని చేత్తో స్టాపు దాకా నెట్టి చూడండి. బిగించేటప్పుడు కేబుల్ పిన్ను పక్క రంధ్రంలో పెట్టేస్తే లివరు పూర్తిగా రాదు.

అది సరిగ్గానే ఉంటే, ఇక ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. నేను ఫోన్లో మళ్లీ మళ్లీ "సక్షన్ పైపు చూశారా" అని అడుగుతాను. మళ్లీ మళ్లీ వచ్చే జవాబు: "చూశామండి, ఎక్కడా కారట్లేదు." కారదు! ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్ పీల్చి ఇంజెక్షన్ పంపుకి అందించేది) దాకా ఉన్న పైపులో డీజిల్ తోయబడదు, పీల్చబడుతుంది. అక్కడ చిల్లు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. కొబ్బరిబోండంలో పెట్టిన స్ట్రాకి పైన చిల్లు పడితే నీళ్లు కారవు, నోట్లోకి గాలి వస్తుంది. ఫీడ్ పంపు దాటాక ఉన్న పైపు కారుతుంది, దానికి ముందున్నది నడుస్తున్నప్పుడు కారదు. ఈ తేడా తలకెక్కకపోతే డీజిల్ ఇంజను మీద చెయ్యి వేయొద్దని నా గట్టి అభిప్రాయం. న్యూట్రల్లో పంపు కొంచెం పీలుస్తుంది, కొంచెం గాలి వస్తుంది, ఇంజను పట్టించుకోదు. లోడు మీద గట్టిగా పీలుస్తుంది, గాలీ గట్టిగా వస్తుంది, చుట్లు పడిపోతాయి. పొద్దున్నే స్టార్ట్ చేయడానికి చేతి పంపు కొట్టాల్సి వస్తోందా? రాత్రి ఆ చిల్లులోంచి గాలి దూరి డీజిల్ ట్యాంకులోకి జారిపోయిందన్నమాట.

ఆ చిల్లు ఎక్కడుంటుంది? ఎక్కువగా బాంజో బోల్టు (డీజిల్ పోయేలా మధ్యలో రంధ్రమున్న పైపు బోల్టు) కింద రాగి వాషర్ల దగ్గర. ఇంజను విప్పినప్పుడు తీసినవే మళ్లీ వేస్తారు. ఒకసారి నొక్కుకున్న రాగి గట్టిపడుతుంది, రెండోసారి ఒదగదు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, కానీ నేను కొత్తవే వేస్తాను. దయచేసి మరలకి టెఫ్లాన్ టేపు చుట్టకండి, సబ్బు రుద్దకండి. యానాం బోటు ఒకదానికి రెండు ఫిల్టర్లూ కొత్తవి వేశారు, ఫలితం లేదు. ఫీడ్ పంపు కిందున్న చిన్న గిన్నె విప్పించాను. అందులో వేలిగోరంత జాలీకి తెల్ల టేపు ముక్క అడ్డంగా అతుక్కుని ఉంది, దాని చుట్టూ గుడ్డ పీచు. ఫిల్టర్లు మార్చినవాళ్లెవరూ ఆ గిన్నె జోలికి పోలేదు.

పరీక్ష ఇది. శుభ్రమైన డబ్బాలో మంచి డీజిల్ పోసి, ఫీడ్ పంపు కంటే ఎత్తులో, సైలెన్సరుకి దూరంగా, ఊగకుండా గట్టిగా కట్టండి. పొట్టి పైపు ఒకటి డబ్బాలోంచి నేరుగా ఫీడ్ పంపుకి, లోపల కనబడే ప్లాస్టిక్‌ది అయితే మేలు. రిటర్న్ పైపు (మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చేది) కూడా డబ్బాలోనే వేయండి. పైపుల్లో గాలి తీసి, ఏట్లోకి వెళ్లి ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. 1400 ఉన్నది 1750కి లేచిందంటే మీ ఇంజను బాగానే ఉంది, జబ్బు ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉంది. డబ్బా మీద కూడా 1400 దగ్గరే ఆగితే, ఫీడ్ పంపు, ఫిల్టర్లు, ఆ తర్వాత ఇంజెక్టర్లు, టైమింగ్. ఈ ఒక్క పరీక్ష సగం అనుమానాల్ని తీసేస్తుంది, ఖర్చు ఒక డబ్బా.

డబ్బా మీద బాగుండి ట్యాంకు మీద పావుగంటకో అరగంటకో కూలబడే బోటైతే ట్యాంకు గాలి గొట్టం చూడండి. నిషేధంలో రంగులేసేటప్పుడు దాని మూతి మీదుగా బ్రష్ లాగేస్తారు, అది మూసుకుపోతుంది. కూలబడగానే ట్యాంకు మూత తిప్పండి, సుయ్‌మని గాలి పీల్చుకుంటే అదే. సగం ఖాళీగా రెండు నెలలు నిలవున్న ట్యాంకులో చెమ్మ పట్టి నీళ్లు, జిగురూ చేరతాయి. అడుగు డ్రెయిన్ తీసి, డీజిల్ తేటగా వచ్చేదాకా వదలండి.

అభ్యాసం. వచ్చే పాఠంలోపు నాలుగు నడకలు కావాలి: సొంత ట్యాంకు మీద పోటుతో ఒకటి, పోటుకి ఎదురు ఒకటి, డబ్బా మీద మళ్లీ ఆ రెండూ. ప్రతి నడకకీ ముందు ఫ్యాను గీకి ఉండాలి. 1000 నుంచి మొదలుపెట్టి 200 చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు మీద ఐదు నిమిషాలు నిలిపి, పొగ రంగు, నీళ్ల వేడి, ఆయిలు ఒత్తిడి, లివరు ఎంత దూరం జరిగిందో నోటుపుస్తకంలో రాయండి. చివర ఫుల్ థ్రాటిల్ మీద ఎక్కడ ఆగిందో రాసి, గది తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి చూడండి. సరంగు ఒకరు, రాసేవారు ఒకరు ఉండాలి, ఒక్కరే రెండు పనులూ చేయకండి. ఈ నాలుగు పేజీలూ ఉన్నవాళ్లకే ట్యాపెట్లు, స్పిల్ టైమింగ్ (పంపు డీజిల్ చిమ్మే వేళ సరిచూడటం) పాఠం అర్థమవుతుంది. ఆ అంకెలు పట్టుకునే అది మొదలుపెడతాను.