వర్జీనియాలో హోమ్‌స్కూలింగ్: నోటీసు ఎప్పుడు, ఎవరికి, ఎలా ఇవ్వాలి

ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మనవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది: "పిల్లల్ని ఇంట్లోనే చదివించాలంటే పర్మిషన్ ఎక్కడ తీసుకోవాలి?" వర్జీనియాలో ఇందుకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఇంట్లో చదివిస్తున్నామని మీ కౌంటీ లేదా సిటీ స్కూల్ డివిజన్ (అక్కడి ప్రభుత్వ బడుల విభాగం) సూపరింటెండెంట్‌కి ముందుగా తెలియజేస్తే చాలు. దాన్నే నోటీస్ ఆఫ్ ఇంటెంట్ అంటారు. ఇది 1984లో వచ్చిన రాష్ట్ర చట్టం. అమెరికా మొత్తానికి ఒకే రూల్ లేదు. టెక్సస్ నుంచి వచ్చినవాళ్లకి ఈ నోటీసు ఇవ్వడమే కొత్తగా ఉంటుంది. న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి రిపోర్టు రాసి అలసిపోయినవాళ్లకి మాత్రం ఇక్కడ ప్రాణం లేచొస్తుంది.

సెప్టెంబర్ 30 నాటికి 5 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి 18 ఏళ్లు వచ్చేవరకు చదువు తప్పనిసరి. ఈ వయసు పిల్లల్ని ఇంట్లో చదివిస్తుంటే ప్రతి ఏడాదీ ఆగస్టు 15లోగా నోటీసు అందాలి. ఒకసారి ఇచ్చాం కదా అని మరుసటి ఏడాది ఊరుకుంటే కుదరదు. స్కూల్ సంవత్సరం మధ్యలో మొదలుపెట్టినా, వేరే కౌంటీ నుంచి మారి వచ్చినా వీలైనంత త్వరగా తెలియజేయాలి. మిగతా షరతులు పూర్తిచేయడానికి ఆ రోజు నుంచి 30 రోజులు సమయం ఉంటుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ముందు పిల్లాణ్ని బడి మాన్పించి, నోటీసు తర్వాత తీరిగ్గా పంపుతారు. ఈలోగా రిజిస్టర్లో ఆబ్సెంట్లు పడుతూనే ఉంటాయి, స్కూల్ నుంచి ఫోన్లు మొదలవుతాయి, ఇంట్లో అందరికీ టెన్షన్. నోటీసు పంపాకే బడికి చెప్పండి.

నోటీసు ఇచ్చే తల్లి లేదా తండ్రి నాలుగు దారుల్లో ఒకటి చూపించాలి. మనలో దాదాపు అందరికీ మొదటిదే సరిపోతుంది: హైస్కూల్ డిప్లొమా లేదా అంతకు పైచదువు ఉండటం. ఒకప్పుడు డిగ్రీ అడిగేవారు, తర్వాత దాన్ని హైస్కూల్‌కి తగ్గించారు. మన బీటెక్కులు, బీకామ్‌లు ఎలాగూ దానికి పైనే కాబట్టి డిగ్రీ కాపీ ఒకటి నోటీసుతో జతచేయండి. మిగతా మూడు దారులు: టీచర్ అర్హత ఉండటం, కరెస్పాండెన్స్ లేదా ఆన్‌లైన్ కోర్సు ద్వారా చదివించడం, తగిన చదువు చెప్పగలనని రాతపూర్వకంగా ఆధారం చూపడం.

ఆ ఆధారం కాకుండా పంపాల్సింది నిజానికి ఒక పేజీ. అందులో పిల్లల పేర్లు, మీరు ఎంచుకున్న దారి, రాబోయే ఏడాది చదివించే సబ్జెక్టుల జాబితా ఉంటే సరి. "సబ్జెక్టుల జాబితా వరకే" అన్న పరిమితి చట్టంలోనే ఉంది. లెక్కలు, ఇంగ్లిష్, సైన్స్, చరిత్ర, తెలుగు అని రాస్తే చాలు. ఏ పుస్తకం, ఏ పాఠం, రోజుకి ఎన్ని గంటలు అనేవి అక్కర్లేదు. రాష్ట్ర విద్యాశాఖ నమూనా ఫారం ఉంది కానీ దాన్నే వాడాలన్న నిబంధన లేదు, సొంతంగా ఉత్తరం రాసినా చెల్లుతుంది.

మనకో పాత అలవాటుంది. ఒక కాగితం అడిగితే నాలుగు జిరాక్సులు, గెజిటెడ్ సంతకం, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు కూడా జతచేసి పంపుతాం. ఇక్కడ ఆ పని చేయకండి. ఫ్రాంక్లిన్ కౌంటీ స్కూల్ బోర్డు బర్త్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్ కూడా ఇవ్వాలని సొంతంగా రూల్ పెట్టుకుంటే, ఒక కుటుంబం కోర్టుకెక్కింది. చట్టం అడగని కాగితాలు బోర్డు అడగకూడదని 2019లో వర్జీనియా సుప్రీంకోర్టు తేల్చింది. టీకాల రికార్డు సంగతి వేరు. సూపరింటెండెంట్ అడిగితే అది చూపించాలి.

మెయిల్ చేస్తే అందిందన్న జవాబు, పోస్టులో పంపితే సర్టిఫైడ్ మెయిల్ రసీదు దాచుకోండి.

ఏడాది చివర్లో రెండో పని ఉంటుంది. పిల్లల చదువు ముందుకు సాగిందనడానికి ఆధారం ఆగస్టు 1లోగా పంపాలి. అంటే కొత్త ఏడాది నోటీసు గడువుకి రెండు వారాల ముందు. జాతీయ స్థాయి ప్రామాణిక పరీక్ష, ఉదాహరణకి ఐయోవా టెస్ట్, రాయించి మొత్తం మీద నాలుగో స్టానైన్ లేదా ఆపైన తెచ్చుకోవడం ఒక పద్ధతి. స్టానైన్ అంటే 1 నుంచి 9 దాకా ఉండే కొలమానం. నాలుగోది సుమారు 23వ పర్సంటైల్ దగ్గర మొదలవుతుంది. ర్యాంకుల ఊళ్లో పెరిగిన మనకి ఇది మరీ తక్కువనిపిస్తుంది కానీ చట్టానికి అంతే కావాలి. పరీక్ష వద్దనుకుంటే, ఏ రాష్ట్రంలోనైనా లైసెన్సున్న టీచర్ గానీ, మాస్టర్స్ చదివినవాళ్లు గానీ పిల్లాడి చదువు చూసి రాసిచ్చిన ఉత్తరం పంపొచ్చు. పిల్లాడి చదువు సరిపోతుందా లేదా అన్నది సూపరింటెండెంట్ చూస్తారు. ఆ సంవత్సరం సెప్టెంబర్ 30 నాటికి 6 ఏళ్లు నిండని పిల్లలకి ఈ ఆధారం అక్కర్లేదు.

ఆధారం ఇవ్వకపోతే ఒక ఏడాది ప్రొబేషన్‌లో, అంటే షరతులతో పరిశీలనలో, పెట్టొచ్చు. అప్పుడు లోటు ఎలా పూడుస్తారో ప్లాన్ రాసివ్వాలి. సూపరింటెండెంట్ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో స్వతంత్ర విచారణ అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

మత విశ్వాసం కారణంగా తప్పనిసరి చదువు నుంచి మినహాయింపు కోరేది పూర్తిగా వేరే దారి. అందులో స్కూల్ బోర్డు నిర్ణయం ఉంటుంది. రాజకీయ అభిప్రాయాలు, సొంత నీతి నియమాలు కారణంగా చూపితే కుదరదని చట్టంలోనే రాశారు. స్కూళ్లు నచ్చలేదని ఈ దారి పట్టాలనుకునేవాళ్లు మామూలు నోటీసుతోనే వెళ్లడం మంచిది.

పైక్లాసుల పిల్లలున్నవాళ్లకి ఒక మాట. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు), పీఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీకి ముందు సన్నాహక పరీక్ష) స్థానిక స్కూల్ డివిజన్ ద్వారా రాసుకోవచ్చు, ఏర్పాటు చేయాల్సిన బాధ్యత వాళ్లదే. హోమ్‌స్కూల్ పిల్లల్ని పబ్లిక్ స్కూల్ టీమ్‌లో ఆడనివ్వాలన్న బిల్లుని మాత్రం 2015, 2016, 2017లో వరుసగా అప్పటి గవర్నర్ మెకాలిఫ్ వీటో చేశారు. హోమ్‌స్కూల్ పిల్లలకి రాష్ట్రం డిప్లొమా ఇవ్వదు. మార్కుల పత్రం మీరే తయారుచేయాలి కాబట్టి తొమ్మిదో తరగతి మొదటి రోజు నుంచే ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి.