పిల్లల్లో అడినోవైరస్ ముదిరితే గుర్తించడం ఎలా?
అడినోవైరస్ సోకిన పిల్లల్లో ఎక్కువమంది జ్వరం, గొంతునొప్పి, కళ్లకలకలతో బాధపడి ఇంట్లోనే కోలుకుంటారు. అయితే ఈ వైరస్‌లోని 3, 7 రకాలు ఆరోగ్యంగా ఉన్న పసివాళ్లకు కూడా తీవ్రమైన న్యుమోనియా తేగలవు. ఈ వైరస్ వల్ల జ్వరం వారం దాటడం అరుదేమీ కాదు కనుక, థర్మామీటర్‌తో పాటు ఊపిరినీ గమనించాలి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ, నిండు నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. ఆ లెక్క రెండు నెలల లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ (ఆ అలవాటు మనకు కొంచెం ఎక్కువే) వైరస్‌పై పనిచేయదు.

ఎముక మజ్జ మార్పిడి జరిగిన పిల్లల సంగతి వేరు. రోగనిరోధకత తగ్గి ఉండటంతో, వారి ఒంట్లో నిద్రాణంగా ఉన్న వైరస్సే తిరగబెట్టి కాలేయానికి, పేగులకు, మూత్రపిండాలకు పాకవచ్చు. అందుకే జ్వరం, విరేచనాలు, మూత్రంలో రక్తం వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వైద్యునికి చెప్పాలి. రక్తంలోని వైరస్‌ను పీసీఆర్ పరీక్షతో కొలిచి, వీలైతే రోగనిరోధకతను అణచే మందులు తగ్గించి, అవసరాన్ని బట్టి సిడోఫోవిర్ అనే వైరస్ నిరోధక మందు ఇస్తారు. అది మూత్రపిండాలను దెబ్బతీయగలదు.

ఈ వైరస్‌కు పైన కొవ్వుపొర లేనందున శానిటైజర్‌కు తేలిగ్గా లొంగదు. సబ్బుతో చేతులు కడుక్కోవడమే మేలు.