కాలేజీ హాకీ అరీనాల రోడ్ ట్రిప్: ముందు షెడ్యూలు, తర్వాతే మ్యాపు

అమెరికాలో కాలేజీ ఐస్ హాకీ అరీనాలు చుట్టి రావాలనుకునేవాళ్లు చాలామంది ముందు మ్యాపు తెరుస్తారు. తేడా కొట్టేది అక్కడే. రింకు (మంచు మైదానం) ఎక్కడికీ పోదు. ఆటలు మాత్రం ఎక్కువగా శుక్రవారం, శనివారం రాత్రుళ్లే. ఆ రెండు రాత్రులకు రెండు రింకులు కుదిరాకే కారు సంగతి.

సీజన్ అక్టోబర్ మొదట్లో మొదలై, మార్చిలో కాన్ఫరెన్స్ (కాలేజీల లీగు) టోర్నీల దాకా సాగుతుంది. ఈశాన్య అమెరికాలోని పాత, పేరున్న కాలేజీల కూటమి ఐవీ లీగ్‌లో హాకీ ఆడే ఆరు కాలేజీలు (బ్రౌన్, కార్నెల్, డార్ట్‌మత్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్) అందరికన్నా ఆలస్యంగా, అక్టోబర్ చివర్లో గానీ బరిలోకి దిగవు. డిసెంబర్ మధ్య నుంచి నెలాఖరు దాకా పరీక్షలు, సెలవులు. ఆట ఉన్నా స్టూడెంట్ సెక్షన్ బోసిగా ఉంటుంది, బ్యాండు ఉండదు. అలాంటి రోజున వెళ్తే భవనం చూసినట్టే గానీ అరీనా చూసినట్టు కాదు. జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అన్నిటికన్నా మంచి సమయం.

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఈశాన్య రాష్ట్రాల కాలేజీలు ఆడే ఈసీఏసీ లీగే సులువు. అందులో జట్లు జంటలుగా తిరుగుతాయి: కార్నెల్‌తో కోల్గేట్, క్లార్క్‌సన్‌తో సెయింట్ లారెన్స్, హార్వర్డ్‌తో డార్ట్‌మత్, యేల్‌తో బ్రౌన్, ప్రిన్స్‌టన్‌తో క్విన్నిపియాక్, ఆర్‌పీఐ (రెన్సెలేర్ పాలిటెక్నిక్)తో యూనియన్. కార్నెల్, కోల్గేట్ న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర కొసకు వచ్చాయనుకోండి. శుక్రవారం ఒకటి పాట్స్‌డామ్‌లో క్లార్క్‌సన్‌తో ఆడుతుంటే, రెండోది కాంటన్‌లో సెయింట్ లారెన్స్‌తో ఆడుతుంది. శనివారం తారుమారు. అంటే రెండు రాత్రులూ రెండు రింకుల్లోనూ ఆట ఉన్నట్టే. ఆ రెండూళ్ల మధ్య దూరం పది మైళ్ల పైచిలుకు, యూఎస్ 11 రోడ్డు మీద సూటిగా వెళ్లిపోవచ్చు. ఒకే హోటల్ గదిలో ఉండి 1991 నాటి చీల్ అరీనా (క్లార్క్‌సన్), 1951 నాటి ఆపిల్టన్ అరీనా (సెయింట్ లారెన్స్) రెండూ చూసేయవచ్చు. ఆర్‌పీఐ ఉన్న ట్రాయ్, యూనియన్ ఉన్న షెనెక్టడీలు కూడా ఇలాగే పక్కపక్కన ఉంటాయి.

మిడ్‌వెస్ట్‌లో లెక్క వేరు. అక్కడ ఎక్కువగా ఒకే ప్రత్యర్థితో ఒకే రింకులో రెండు రాత్రులూ ఆడతారు. కాబట్టి శుక్రవారం ఒక ఊళ్లో ఆట చూసి, శనివారం పగలు బయల్దేరి మరో ఊరు చేరాలి. పగటిపూట మూడు గంటల డ్రైవ్ దాటకుండా చూసుకోండి. యాన్ ఆర్బర్‌లోని యోస్ట్ (మిషిగన్ యూనివర్సిటీ), ఈస్ట్ లాన్సింగ్‌లోని మన్ (మిషిగన్ స్టేట్) అరీనాల మధ్య గంట పైచిలుకే. అయితే శరదృతువులో ముందు ఫుట్‌బాల్ షెడ్యూలు చూడండి. ఫుట్‌బాల్ ఆడే మిషిగన్ స్టేడియం యోస్ట్‌కు నడక దూరం. అక్కడ ఆట ఉన్న వారాంతంలో హోటల్ గది దొరకడమే గగనం, దొరికితే ధర చూసి కళ్లు తిరుగుతాయి.

షెడ్యూలులో తేదీ చూసి వేదిక చూడకపోవడం ఇంకో పొరపాటు. ఫిబ్రవరిలో మొదటి రెండు సోమవారాలు బోస్టన్‌లో జరిగే బీన్‌పాట్ టోర్నీని ఆ ప్రాంతపు నాలుగు కాలేజీలూ క్యాంపస్‌లో కాదు, నగరంలోని పెద్ద అరీనా టీడీ గార్డెన్‌లో ఆడతాయి. పాత జాబితాలను కూడా గుడ్డిగా నమ్మకండి. 1910లో తెరిచిన నార్త్ఈస్టర్న్ వారి మాథ్యూస్ అరీనా చాలా జాబితాల్లో ఇంకా మొదటి పేరు. అది 2025 డిసెంబర్‌తో మూతపడింది.

ఏది ముందు చూడాలంటే, చిన్నవీ పాతవీ. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో 2001లో కట్టిన రాల్ఫ్ ఎంగెల్‌స్టాడ్ అరీనాలో 11,000కు పైగా సీట్లు, అవీ తోలు సీట్లు. వైభవమే, కాదనలేం. కానీ 4,000 మందికి కాస్త ఎక్కువ పట్టే కార్నెల్ లైనా రింకులో ప్రత్యర్థి జట్టును పరిచయం చేస్తుంటే విద్యార్థులంతా వార్తాపత్రికలు ముఖాలకడ్డంగా పట్టుకుని, మాకు మీరు పట్టరన్నట్టు కూర్చునే తీరు అక్కడ దొరకదు. హార్వర్డ్ వస్తే మంచు మీదికి చేపలు కూడా వచ్చి పడతాయి. న్యూ హేవెన్‌లో వాస్తుశిల్పి ఈరో సారినెన్ గీసిన యేల్ వారి ఇంగల్స్ రింకు (1958) దగ్గర మాత్రం వెలుతురుండగానే దిగండి. మధ్యలో వంగిన కాంక్రీటు వెన్నెముక, దాన్నుంచి రెండు పక్కలా తీగల మీద వేలాడే చెక్క పైకప్పు. దాన్ని అందరూ తిమింగలం అని ఎందుకంటారో పగటి వెలుగులో ఒక్క చూపుకే తెలుస్తుంది. లోపలికెళ్లాక తలెత్తి చూస్తే ఆ జంతువు కడుపులో ఉన్నట్టే.

సీటు విషయంలో చాలామంది గాజు పక్కన మొదటి వరసకు ఎగబడతారు. అక్కడ అవతలి మూల జరిగేదేదీ ఆనదు, గాజు మీది గీతలు, ప్రతిబింబాలు అదనం. పదో వరస, ఆ పైన తీసుకోండి. గోల్ వెనక సీట్లకు పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) తగలకుండా వల కడతారు, ఫొటోల్లో అదే పడుతుంది. ఇంకో కిటుకుంది. మొదటి, మూడో పీరియడ్లలో ప్రతి జట్టూ తన బెంచీ వైపున్న గోల్‌నే కాపాడుకుంటుంది. కాబట్టి ఆతిథ్య జట్టు అతిథుల బెంచీ ఉన్న వైపు గోల్ మీదికి రెండు పీరియడ్లు దాడి చేస్తుంది. బెంచీలకు ఎదురు పక్కన, అతిథుల బెంచీకి సూటిగా కూర్చుంటే ఆతిథ్య జట్టు గోల్స్ ఎక్కువగా కళ్లముందే పడతాయి. స్టూడెంట్ సెక్షన్‌ను ఆనుకుని పిల్లలతో కూర్చోకండి. అరుపులు మర్యాదగా ఉండవు, ఆటంతా నిలబడే ఉంటారు.

టికెట్లు ఇప్పుడు చాలాచోట్ల ఫోనులోనే. గేటు దగ్గర వేల మంది ఉంటే సిగ్నల్ మొరాయిస్తుంది, ముందే ఫోను వాలెట్ యాప్‌లోకి దించుకోండి. పారదర్శకమైన సంచి తప్ప లోపలికి రానివ్వని అరీనాలు చాలా ఉన్నాయి. కెమెరా సంచి పట్టుకుని మైలు దూరంలో ఉన్న కారు దాకా తిరిగి నడవాల్సి వస్తే సరదా అంతా పోతుంది. అరీనా నిబంధనల పేజీ ముందురోజే చదవండి. ఆటకు గంట ముందే చేరితే వార్మప్ మొత్తం చూడవచ్చు. 20 నిమిషాల పీరియడ్లు మూడు, మధ్య విరామాలు, అంతా కలిపి రెండున్నర గంటలు. లోపల ఇంట్లో అంత వెచ్చగా ఉండదు. పాత రింకుల్లో చలి కాళ్ల నుంచి ఎక్కుతుంది, కోటు కన్నా ముందు ఊలు సాక్సులు చూసుకోండి.

డబ్బు, సమయం కలిసి రావాలంటే మహిళల ఆటలు చూడండి. చాలాచోట్ల అదే రింకులో మధ్యాహ్నం వాళ్లది, రాత్రి పురుషులది. టికెట్ చవక, సీట్లు ఖాళీ, భవనం తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇక రోడ్డు. ఏడింటి ఆట తొమ్మిదిన్నరకు అయ్యాక అదే రాత్రి పక్క రాష్ట్రానికి బయల్దేరకండి. రాత్రి కురిసిన మంచును తెల్లారేదాకా ఎత్తని రోడ్లుంటాయి, జింకలు అడ్డం వస్తాయి. నార్త్ డకోటాలో తుపాను వస్తే ఐ-29 హైవేనే మూసేస్తారు. ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. మంచు గీకే పలక, దుప్పటి, చిన్న పార డిక్కీలో ఉండాలి. అద్దె కారుకు మామూలు ఆల్ సీజన్ టైర్లే ఉంటాయి, ఇచ్చినప్పుడే అరిగాయేమో చూడండి.

గడియారం కూడా మోసం చేస్తుంది. మిన్నెసోటాలోని డులూత్‌లో శుక్రవారం ఆట చూసి శనివారం మిషిగన్ రాష్ట్రంలో మిషిగన్ టెక్ కాలేజీ ఉన్న హౌటన్‌కు వెళ్తే దారి సుమారు నాలుగు గంటలు. కానీ మధ్యలో సెంట్రల్ నుంచి ఈస్టర్న్ సమయానికి మారతారు, గంట ఎగిరిపోతుంది. ఏటా 200 అంగుళాల దాకా మంచు కురిసే ప్రాంతమది. డులూత్ గడియారం ప్రకారం ఉదయం తొమ్మిదికల్లా కారు కదలాలి. శనివారాలు కొన్ని ఆటలు సాయంత్రం నాలుగైదింటికే మొదలవుతాయి కాబట్టి, బయల్దేరే ముందు టికెట్ మీద వేళ ఇంకోసారి చూసుకోండి.